అక్క గొంతు మేల్కొనే సేపు

ముసలి మెషిన్‌ని తీసేద్దామని గడియారం రాసిన నాలుగు ముక్కలు చదివేసరికి చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టిన తీరుకి, ముందుగదిలో లెక్కలు చేసుకుంటున్న ట్యూషన్ పిల్లలు ఒక్కసారిగా తలలెత్తారు.

"ఏమైందే?" అంది గోడకి అవతల నుంచి అక్క గొంతు.

"ఏం కాలేదు. నువ్వు పాఠం చెప్పుకో" అంది చెల్లెలు.

ఏం కాలేదట! అయ్యేది ఆ గొంతుకే. ఆ సంగతి ఆ గొంతుకి ఎలా చెప్పాలో తెలియక చెల్లెలు పళ్ళు నూరుకుంటూ కూర్చుంది.

గడియారం అంటే గోడకి వేలాడేది అనుకునేరు. మనిషే. మాట్లాడితే టైం, కూర్చుంటే టైం, ఎదుటివాడు తుమ్మబోతున్నా వాచీ చూసుకునే రకం. అందుకే ఆ పేరు. ఆయనకి ఆ పేరున్నట్టు ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

అసలు ఆ మెషిన్ సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఈ కోపం ఎవరికీ అర్థం కాదు. వేషగాడు అని ఒక ప్రోగ్రాం ఉంది. దాని అసలు పేరు వేరులెండి, ఇది చెల్లెలు పెట్టుకున్న ముద్దుపేరు. మన కంప్యూటర్‌లో కూర్చుని అది ఇంకో కంప్యూటర్‌లా వేషం కడుతుంది. ఎప్పుడో తయారవడం మానేసిన మెషిన్లు, కంపెనీలే మూతపడిపోయిన మెషిన్లు, ఏది కావాలంటే అది. ఆ మెషిన్ కోసం రాసిన పాత సాఫ్ట్‌వేర్ ఈ వేషం లోపల కూర్చుని, తన సొంత ఇంట్లోనే ఉన్నాననుకుని తన పని తాను చేసుకుపోతుంది. దీన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. ఎక్కడెక్కడి మనుషులో ఉద్యోగాలు చేసుకుంటూనే తలా ఒక చెయ్యి వేసి రాస్తారు. అందులో ఒకే ఒక్క మెషిన్ వేషానికి చెల్లెలు పూచీ.

ఆ ఒక్కటీ అక్క గొంతు.

అక్కకి పుట్టుకతో మాట లేదు. చెవులు మాత్రం పాము చెవులు. చిన్నప్పుడు నాన్న కాళ్ళరిగేలా తిరిగి ఒక పెట్టె తెచ్చాడు. టైపు చేస్తే మాట్లాడే పెట్టె. ఆ గొంతు వింటే రేకు డబ్బాలో కూర్చున్న మనిషికి జలుబు చేసిందేమో అనిపించేది. మొదటిరోజు ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ గొంతుతో మొట్టమొదట "నోర్ముయ్యండి" అంది. అంతే, ఆ రోజు నుంచి అది ఆమెదే. దానితోనే చెల్లెల్ని ఏడిపించింది, నాన్నతో పోట్లాడింది, నాన్న మంచం పట్టినప్పుడు ఆయనకి పేపరు చదివి వినిపించింది. ఇప్పుడు దానితోనే వీధిలో సగంమంది పిల్లలకి లెక్కలు నేర్పుతోంది. పిల్లలు ఆ గొంతుని అనుకరిస్తారు. అనుకరించినవాడికి రెండు లెక్కలు ఎక్కువ పడతాయి.

పెట్టె తయారుచేసిన కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసింది. కొన్నాళ్ళకి పెట్టె కూడా చచ్చిపోయింది. అప్పటికి ఇంజనీరైన చెల్లెలు పెట్టెని విప్పి, లోపలి సాఫ్ట్‌వేర్‌ని బయటికి లాగి, ఆ పెట్టె వేషం ఎలా కట్టాలో వేషగాడికి ఒక్కొక్క ముక్కా నేర్పింది. అక్క మళ్ళీ మాట్లాడిన రోజున మొదటి మాట, "ఇంత ఆలస్యమా?"

కొత్త గొంతులు దొరకవా అంటే దొరుకుతాయి. చెల్లెలు ఒకసారి పెట్టి చూపించింది కూడా. తేనె కారుతున్న గొంతు. అక్క రెండు వాక్యాలు పలికించి లాప్‌టాప్ మూసేసింది. పాత గొంతు పెట్టాకే నోరు విప్పింది.

"ఎవరో బ్యాంకు నుంచి ఫోన్ చేసినట్టుంది. ఈ గొంతుతో నేను నాన్నని తిట్టాను. దానికి నాన్న ఎవరో తెలీదు."

ఆ తరవాత చెల్లెలు ఆ ఊసెత్తలేదు.

అక్క లాప్‌టాప్ ఇప్పుడు ఆఖరి రోజుల్లో ఉంది. తెరకీ కీబోర్డుకీ మధ్య కీలు విరిగితే రబ్బరు బ్యాండు వేసి నెట్టుకొస్తున్నారు. కొత్తది కొనక తప్పదు. కొత్తదానిలో పాత వేషగాడు నడవడు, కొత్త వేషగాడే కావాలి. ఆ కొత్త వేషగాడిలోంచి ఆ మెషిన్‌ని పీకి పారేద్దామని గడియారం రాశాడు. కారణం? అది మెల్లగా నిద్రలేస్తుందట!

వేషగాడిలో ఎవరు ఏ మార్పు పంపినా, కలుపుకునే ముందు ఒక పరీక్ష ఉంటుంది. ప్రతి మెషిన్‌నీ స్విచ్ వేసి లేపాలి. లేచి, కళ్ళు నులుముకుని, తెర మీద 'లాగిన్' అనే మాట వేసేదాకా ఆగాలి. ఆ మాట పడితే పాస్. మనిషి ప్రమేయం లేకుండా ఇదంతా తనంతట తానే జరిగిపోతుంది. బాగానే ఉంది. కానీ మెషిన్లు పెరిగాయి, పరీక్ష చాంతాడంత అయింది. పొద్దున మార్పు పంపినవాడికి సాయంత్రానికి గానీ పాసో ఫెయిలో తెలియడం లేదు. అందరూ విసుక్కున్నారు. పరీక్షల పెత్తనం గడియారానిది. ఆయన ఒక గీత గీశాడు: పది నిమిషాల్లో లేవని మెషిన్‌కి వేషగాడిలో చోటు లేదు. ముసలి మెషిన్‌కి అరగంట పైనే పడుతోంది.

చెల్లెలు ఊరుకోలేదు. తను రాసిన ప్రతి ముక్కనీ తిరగేసి బోర్లేసి, ఎక్కడెక్కడ మెల్లగా ఉందో వెతికి, సెలవులన్నీ దానికే ధారపోసింది. కాస్త తగ్గింది. గడియారం "బాగుంది, చాలదు" అని రాశాడు. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ "చాలదు". ఇప్పుడు ఏకంగా తీసేద్దామంటున్నాడు. శనివారం మీటింగులో తేల్చేస్తారట.

ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"మేడమ్, మీ కష్టం నాకు తెలీదా" అన్నాడు గడియారం. "కానీ మీరే చెప్పండి, ఆ మెషిన్ వాడేదెవరు? మీ ఇంట్లో తప్ప?"

"మా ఇంట్లో వాడితే వాడినట్టు కాదా సార్?"

"అలా కాదండీ. ఒక్కళ్ళ కోసం ఇంతమంది ఆగాలా? ముసలిదైపోయింది, మొండికేస్తోంది. ఇప్పుడు ఎంత మంచి గొంతులు వస్తున్నాయి! మీ అక్కగారికి అలవాటు చేయించండి. నాలుగు రోజులు కష్టం, తరవాత ఆవిడే సంతోషిస్తారు."

మీ గొంతు పీకేసి వేరేది పెడతాను, నాలుగు రోజులు కష్టం, తరవాత మీరే సంతోషిస్తారు అందామనుకుంది. నోటిదాకా వచ్చింది. ఆలోగా ఆయన "ఇంకో కాల్ ఉందండీ" అని పెట్టేశాడు. ఆయనకి ఎప్పుడూ ఇంకో కాల్ ఉంటుంది.

పిల్లలు వెళ్ళిపోయాక అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని రబ్బరు బ్యాండు సర్దింది.

"మొహం అలా మాడ్చుకుని కూర్చున్నావేంటి? చెప్పు."

చెప్పింది. దాచి లాభం లేదు. అక్క విన్నంతసేపూ వేళ్ళు కదల్చలేదు. ఏడుస్తుందేమోనని చెల్లెలు భయపడింది గానీ, అక్క మొహంలో ఏడుపు లేదు, చిరాకు ఉంది. లెక్క తప్పు చేసిన పిల్లాడిని చూసే చిరాకు.

"అరగంటా? మనింట్లో పాలు కాగేలోపు లేస్తుందిగా."

"పరీక్షలు నడిపే కంప్యూటర్లు పాతవి అక్కా. ఎవరో పారేస్తే తెచ్చిపెట్టారు."

"నా దానికంటే పాతవా?"

చెల్లెలు అక్క ఒళ్ళో ఉన్న లాప్‌టాప్ వైపు చూసింది. దానికంటే పాతది మ్యూజియంలో కూడా ఉండదు.

అక్క మళ్ళీ టైపు చేసింది. "ఆ అరగంటసేపూ అది ఏమంటోంది?"

"ఏమంటుంది? లేస్తూ ఉంటుంది."

"ఊరికే లేస్తుందా? ఏదో చెబుతూనే ఉంటుందిగా తెర మీద. మీరెవరూ వినలేదా?"

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. వినలేదు. ఎవరూ వినలేదు. పరీక్షల్లో మెషిన్ మాటలు అనవసరంగా చోటు తింటున్నాయని గడియారం ఎప్పుడో వాటి నోరు కట్టేశాడు. 'లాగిన్' అనే ఒక్క మాట కోసం తప్ప మిగతాదంతా పడినది పడినట్టే చెత్తబుట్టలోకి పోతుంది.

"నాతోనూ ఇంతే. టైపు చేస్తుంటే నేనేమీ చెప్పట్లేదనుకుంటారు" అంది అక్క గొంతు. అని, లేచి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చెల్లెలు పరీక్షల్లో ముసలి మెషిన్ లేచే డిస్కుకి కాపీ తెచ్చుకుంది. పరీక్షల కోసం మెషిన్లన్నిటికీ డిస్కులు తయారుచేసి పెట్టేది గడియారమే. తన ఇంట్లోని డిస్కుతోనే ఎప్పుడూ కుస్తీ పట్టింది గానీ, ఆయన చేసిన డిస్కుని విప్పి చూడాలని ఆమెకి ఒక్కనాడూ తట్టలేదు. నోటి కట్టు విప్పి మెషిన్‌ని లేపింది. తెర మీద మాటలు రాలాయి.

*డిస్కుని సరిగ్గా ఆపలేదు. దెబ్బలేమైనా తగిలాయేమో చూస్తున్నాను. దయచేసి ఆగండి.*

ఆ తరవాత వరసగా ఒక్కొక్క మూలా, ఒక్కొక్క ఫైలూ. ఇది బాగుంది. ఇది బాగుంది. ఇది విరిగింది, అతికిస్తున్నాను. దయచేసి ఆగండి. అక్క వంట చేసి, పిలిచి, విసిగి, ఒక్కతే తినేసింది. మెషిన్ ఇంకా దెబ్బలు చూసుకుంటూనే ఉంది. అంతా చూసుకుని, కట్లు కట్టుకుని, చిట్టచివరికి 'లాగిన్' అంది. దానికి లేవడానికి పట్టింది పాలు కాగేటంత సేపే. మిగతాదంతా గాయాలకే.

చెల్లెలికి ఆయన రాసిపెట్టిన పద్ధతి గుర్తొచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళందరూ చదవాల్సిన పద్ధతి. *లాగిన్ పడగానే మెషిన్‌ని చంపెయ్యండి. ఆపడానికి టైం వృథా చెయ్యొద్దు.* పరీక్ష వరకూ అది సబబే, ఎలాగూ ఆ కాపీ అవతల పారేసేదే. కానీ ఈ మహానుభావుడు అసలు డిస్కుని కూడా అలాగే తయారుచేశాడు. మెషిన్‌ని లేపి, తన సామానంతా అందులో సర్ది, పడుకోమని చెప్పకుండా పీక నొక్కేసి, ఆ దెబ్బతిన్న డిస్కునే భద్రంగా దాచాడు. ఇక ప్రతి పరీక్షకీ దాని కాపీయే. ప్రతిసారీ అది గాయాలతో లేస్తుంది, అరగంట కూర్చుని కట్లు కట్టుకుంటుంది, 'లాగిన్' అంటుంది, చస్తుంది. కట్టిన కట్లు దానితోనే పోతాయి. మర్నాడు మళ్ళీ అవే గాయాలు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. పైగా దానికే పేర్లు, ముసలిదట, మొండిదట!

చెల్లెలికి కోపం నషాళానికెక్కింది. తను పోగొట్టుకున్న సెలవులు గుర్తొచ్చాయి, తిరగరాసిన ముక్కలు గుర్తొచ్చాయి, "చాలదు, చాలదు" గుర్తొచ్చింది. మిగతా డిస్కులు కూడా తెచ్చి చూసింది. ఆయన ఆ పద్ధతిలో చేసినవాటిలో చాలావాటికి ఇదే రోగం. కొన్ని తొందరగా చూసుకుంటున్నాయి, కొన్ని మెల్లగా. తేడా అంతే.

శనివారం మీటింగుకి అక్క కూడా బయల్దేరింది.

"నువ్వెందుకు అక్కా, నేను చూసుకుంటాగా."

"పోయేది నా గొంతు. నేను ఇంట్లో కూర్చోవాలా?" అని, రబ్బరు బ్యాండు ఇంకొకటి జాగ్రత్తగా జేబులో వేసుకుంది.

మీటింగు జరిగేది ఒక ప్రింటింగ్ ప్రెస్ పై గదిలో. మెట్లెక్కుతుంటే సిరా వాసన. గదిలో ఒక గోడ పొడుగునా పరీక్షల కంప్యూటర్లు, ఒకదాని ఫ్యాను మోతలో ఇంకొకదాని మోత కలిసిపోతూ. కింద ప్రెస్ దడదడలాడితే పైన కుర్చీలు కూడా అదురుతాయి. పదిమంది దాకా వచ్చారు. గడియారం వాచీ విప్పి ఎదురుగా బల్ల మీద పెట్టుకున్నాడు.

"మనకి టైం తక్కువ" అని మొదలుపెట్టాడు. "మొదటిది ముసలి మెషిన్. అందరికీ తెలిసిందే కాబట్టి చర్చ అక్కర్లేదనుకుంటా."

"చర్చ వద్దు. చూడండి చాలు" అంది చెల్లెలు. తెర మీద మెషిన్‌ని లేపింది, నోటి కట్టు విప్పేసి.

*దయచేసి ఆగండి* అంది మెషిన్.

"ఏం చేస్తోందిది?" అన్నాడు ఒక కళ్ళజోడాయన ముందుకి వంగి.

"దెబ్బలు వెతుక్కుంటోందండీ."

"ఏం దెబ్బలు?"

"డిస్కు తయారుచేసినప్పుడు దీని పీక నొక్కారు. ఆ దెబ్బలు. అప్పట్నుంచీ ప్రతి పరీక్షలోనూ అవే వెతుక్కుంటోంది."

గదిలో అందరి తలలూ గడియారం వైపు తిరిగాయి. డిస్కులు ఎవరు చేస్తారో అందరికీ తెలుసు. ఆయన నవ్వాడు.

"చంపక ఏం చేస్తాం మేడమ్? ఒక్కొక్కదాన్నీ జోలపాడి పడుకోబెట్టాలా?"

"రోజూ అక్కర్లేదు సార్. దాచిపెట్టే ముందు ఒక్కసారి పడుకోబెడితే చాలు. ఆ ఒక్కసారికే మీకు టైం లేకపోయింది."

ఎవరో కిసుక్కుమన్నారు. చెల్లెలు ఇంకో తెర తెరిచింది. దెబ్బలన్నీ చూసుకోవడం అయిపోయిన మెషిన్‌ని ఇంటి దగ్గరే మర్యాదగా ఆపి, అది పూర్తిగా పడుకున్నాక తీసిన డిస్కు అది. దాన్ని లేపింది. కళ్ళజోడాయన తెప్పించుకున్న టీ తాగేలోపు 'లాగిన్' పడింది.

"నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం మార్చలేదు" అంది చెల్లెలు. "మిగతా మెషిన్లకీ ఇదే మందు. రోజంతా పట్టే పరీక్ష మధ్యాహ్నానికి అయిపోతుంది."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. భలే అన్నవాళ్ళు, ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదన్నవాళ్ళు, తాము ఇందాకే అనుకున్నామన్నవాళ్ళు. గడియారం చెయ్యెత్తాడు.

"సరే, సరే. చిన్న పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. డిస్కులు మళ్ళీ చేద్దాం. ఇక తరవాతి విషయం..."

చిన్న పొరపాటు! నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న ఆ మనిషిని చూస్తే చెల్లెలికి కడుపు మండిపోయింది.

"ముందు మెషిన్ తీసేద్దామని రాసింది కొట్టెయ్యండి సార్. ఇప్పుడే. అందరి ముందూ."

ఆయన వాచీ చూసుకున్నాడు. తరవాత అందరి మొహాలూ చూశాడు. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని నాలుగు మీటలు నొక్కాడు. పెద్దతెర మీద ఆ ప్రతిపాదన మాయమైంది. అక్క గొంతు నిలబడింది. చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయిందా? తరవాతి విషయం ఏంటంటే..."

అక్క చెయ్యెత్తింది. ఎత్తి, దించి, టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

గడియారం ఒక క్షణం చూశాడు. ఏమీ వినపడలేదు. "తరవాతి విషయం..." అన్నాడు మళ్ళీ.

"ఆగండి" అంది చెల్లెలు. "మా అక్క మాట్లాడుతోంది."

"ఏదీ?"

"టైపు చేస్తోంది కదా. అదే మాట్లాడటం."

గడియారం నోరు మూసుకున్నాడు. అందరూ మూసుకున్నారు. కింద ప్రెస్ దడదడలాడింది, ఆగింది, మళ్ళీ మొదలైంది. అక్క ఒక మీట నొక్కుతుంది, తెర చూస్తుంది, ఆలోచిస్తుంది, ఇంకో మీట నొక్కుతుంది. ఇంట్లో ఇంత మెల్లగా ఎన్నడూ టైపు చెయ్యలేదు. ట్యూషన్ పిల్లల్ని తిట్టేటప్పుడు ఆ వేళ్ళు కనపడను కూడా కనపడవు. ఇవాళ ఈయనకి గట్టిగా గడ్డి పెడుతుంది, వాక్యం వెంట వాక్యం పేరుస్తోంది కాబోలు అనుకుంది చెల్లెలు. రబ్బరు బ్యాండు జారింది. అక్క నిదానంగా జేబులోంచి ఇంకొకటి తీసి వేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. గడియారం చెయ్యి వాచీ దాకా వెళ్ళింది. చెల్లెలు ఆ చేతి వంక చూసింది. చెయ్యి వెనక్కి వచ్చింది. ఆయన కదలకుండా, మాట్లాడకుండా, బుద్ధిగా ఆగాడు.

చివరికి అక్క ఆఖరి మీట నొక్కింది. రేకు డబ్బా గొంతు గదంతా వినపడింది.

"ఏం లేదండీ. మీకు ఆగడం వచ్చో రాదో చూశాను. వచ్చు."

గది గొల్లుమంది. కళ్ళజోడాయన బల్ల చరిచాడు. గడియారం కూడా నవ్వబోయాడు గానీ, నవ్వు మొహం మీదికి సగం వచ్చి అక్కడే నిలిచిపోయింది. అక్క లాప్‌టాప్ మూసి, చెల్లెలి వైపు చూసి కన్నుగీటింది.

చెల్లెలు నవ్వలేదు. గెలిచినా ఆమె కోపం చల్లారలేదు, ఇంకా పెరిగింది. ఆగడం రాని మనిషైతే పోనీలే అనుకునేది. ఈయనకి వచ్చు. వచ్చి కూడా ఇన్నేళ్ళూ ఆగలేదు.